నా జబ్బు నాకివ్వండి

జబ్బు మనిషిని చూసుకోవడంలో కెంజెగుల్‌కి వంక పెట్టడానికి లేదు. బిష్కెక్‌లో కాన్సర్ ఆసుపత్రి రెండో అంతస్తున, కిటికీ పక్క మంచం మీద అత్తగారు జూరా దిండ్లకి ఆనుకుని కూర్చునేది. కోడలు ఆవిడ కాళ్ళ దగ్గర మడతమంచం వేసుకుని, దగ్గితే నీళ్ళు, నిట్టూరిస్తే దుప్పటి అందించేది. ఆసుపత్రి పులుసులో ఉప్పు లేదని ముసలావిడ మూతి తిప్పితే, బజారుకి పరుగెత్తి గొర్రె ఎముకలు తెచ్చి, వంటగదిలో ఆయమ్మలని బతిమాలి, వేరే పులుసు కాచి తెచ్చేది. వార్డులో ఆడవాళ్ళు తమని చూడటానికి వచ్చిన కోడళ్ళకి వినపడేటట్టు, కోడలంటే అలా ఉండాలి అనేవాళ్ళు.

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా కెంజెగుల్ తలగుడ్డ సర్దుకునేది. పద్దెనిమిదేళ్ళుగా ఆ మాట కోసమే కదా ఒళ్ళు హూనం చేసుకుంది. ఇంట్లో ఎన్నడూ దొరకని మెప్పు ఈ మందుల కంపులో దొరికింది.

జబ్బు వసంతంలో బయటపడింది. కనుమ మీద మంచు కరిగి దారి తెరుచుకోగానే, పరీక్షల బస్సొకటి నారిన్ కొండల్లోని వాళ్ళ ఊరికి వచ్చి, నలభై దాటిన ఆడవాళ్ళందరికీ రొమ్ముల ఫోటోలు తీసింది. అత్తాకోడళ్ళిద్దరూ బస్సెక్కి దిగారు. కొన్నాళ్ళకి కెంజెగుల్ భర్త ఎసెన్‌కుల్‌కి పట్నం డాక్టర్ల నుంచి పిలుపు వచ్చింది. చెడ్డ కబురైతే రోగి చెవిన వెయ్యరు, ఇంటి మగవాడికి చెబుతారు. అందులో ఎవరికీ వింత లేదు. వెళ్ళినవాడు తిరిగొచ్చి ఇంట్లోకి రాకుండా గుర్రాల కొట్టంలో చాలాసేపు కూర్చున్నాడు. తల్లి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆవిడ అటు పాలు పితకడానికి వెళ్ళాక భార్యతో చెప్పాడు, అపాకి ఆ చెడ్డ జబ్బు వచ్చిందని. అమ్మని అపా అంటారు అక్కడ. కెంజెగుల్ అత్తగారినీ అలాగే పిలిచేది. ఒకరికి వస్తే ఇంట్లో మిగతావాళ్ళ రక్తంలోనూ ఉండొచ్చట, నీకూ సూది పరీక్ష చెయ్యమన్నారు అని కూడా అన్నాడు. ఆమె చేయించుకుంది. కొవ్వు గడ్డ, భయం లేదన్నారు.

ఆ రోజు నుంచి ఇల్లు నాటకశాల అయింది. అపాకి తెలియకూడదని కెంజెగుల్ అందరి నోళ్ళూ కట్టేసింది. తెలిస్తే ముసలిప్రాణం తట్టుకోదని. ఊరు ఊరంతా బోర్సోక్ అనే నూనెలో వేయించిన పిండిముక్కల మూటలతో, వెన్న ముద్దలతో వచ్చి జూరాని చూసి వెళ్ళింది. ఆవిడ ఏమీ తెలియనట్టు తలూపుతూ అందరి దీవెనలూ, కన్నీళ్ళూ పుచ్చుకుంది. తిండి మాత్రం రవ్వంత తగ్గలేదు. ఆరిపోయే ముందు దీపం అలాగే వెలుగుతుందిలే అనుకుని కోడలు చాటుగా కళ్ళు తుడుచుకునేది.

ఆసుపత్రిలో కొన్ని సంగతులు తేడాగా ఉన్నమాట నిజం. పొద్దున్నే నర్సు వచ్చి కెంజెగుల్ చేతిలోంచి రక్తం తీసేది, అపాకి మాత్రం పసుపురంగు మాత్ర ఒకటి ఇచ్చి ఊరుకునేది. గుండె పరీక్ష కెంజెగుల్‌కి చేశారు. నీకు వేరే మందులేమైనా పడవా అని కెంజెగుల్‌నే అడిగారు. తోడు వచ్చినవాళ్ళని కూడా ఇంత శ్రద్ధగా చూస్తారా అని ఆమె ప్రభుత్వాన్ని మెచ్చుకుంది. మనసు చూడొద్దనుకుంటే కళ్ళెదుట కొండ ఉన్నా కనపడదు.

ఆ ఆసుపత్రిలో మందులివ్వని డాక్టరమ్మ ఒకామె ఉంది, పేరు బేగాయిమ్. కాన్సర్ వచ్చిందని తెలిశాక తిండి మానేసినవాళ్ళనీ, నిద్ర పట్టనివాళ్ళనీ, అయినవాళ్ళ మీద అరిచేవాళ్ళనీ, అసలు నోరే విప్పనివాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడించడం ఆమె పని. వార్డులో ఆమెకి కబుర్ల డాక్టరని పేరు పెట్టారు. ఆపరేషన్‌కి ముందు రోగి ఆమెని ఒకసారి చూసి తీరాలని కొత్తగా పద్ధతి వచ్చింది. ఒక మధ్యాహ్నం నర్సు వచ్చి, కెంజెగుల్ గారిని రమ్మంటున్నారు అంది.

కెంజెగుల్ సంతోషంగానే వెళ్ళింది. ఆమెకి అడగవలసింది ఒకటుంది. ఎల్లుండి ఆపరేషన్. రొమ్ము తీసేస్తారని అపాకి ఏ మాటలతో చెప్పాలి? గడ్డ అని ఎన్నాళ్ళు బొంకుతాం? ఈ పిల్ల చదువుకుంది, ఏదో ఒక దారి చెబుతుంది.

బేగాయిమ్ ముప్పై దాటని మనిషి. ఎలా ఉన్నారక్కా అని అడిగి ఊరుకుంది. ఇక కెంజెగుల్ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. అపా ఎంత పట్టుదల మనిషో, ఊళ్ళో పెళ్ళిళ్ళూ చావులూ ఆవిడ మాట మీద ఎలా నడుస్తాయో, తాము ఎన్ని జాగ్రత్తలతో ఇంతవరకు దాచారో చెప్పింది. వింటున్న డాక్టరమ్మ చేతిలో కలం ఎప్పుడో ఆగిపోయింది. ఎదురుగా ఉన్న కాగితాలు చూసింది, కెంజెగుల్‌ని చూసింది, మళ్ళీ కాగితాలు చూసింది.

"పరీక్షలు మీకు కూడా చేశారా అక్కా?"

"ఆ, చేశారు. రక్తంలో ఉంటుంది కదమ్మా, అందుకని."

బేగాయిమ్‌కి నిజంగానే అర్థం కాలేదు. అర్థం కాకే అడిగింది.

"మీ అత్తగారికీ మీకూ రక్తసంబంధం ఏముంది?"

ఏముంది? ఏమీ లేదు. పెళ్ళినాడు రెండువైపుల ముసలివాళ్ళూ కూర్చుని, ఏడు తరాల తాతల పేర్లు వల్లించుకుని, రక్తం ఎక్కడా కలవలేదని తేల్చుకున్నాకే గొర్రెని కోశారు. కలిస్తే పెళ్ళే లేదు. ఆ సంగతి చంటిపిల్లలకి కూడా తెలుసు. కెంజెగుల్‌కీ తెలుసు. నాలుగు నెలలుగా తెలుసు, పద్దెనిమిదేళ్ళుగా తెలుసు, ఆ తెలిసిన సంగతి పక్కన ఈ రక్తపరీక్షని పెట్టి ఒక్కసారి కూడా చూడలేదు.

పసుపు మాత్ర గుర్తొచ్చింది. గుర్రాల కొట్టం గుర్తొచ్చింది. కుర్చీలో ఉన్నది తను కాదన్నట్టు, ఎవరో ఒకామె అక్కడ కూర్చుంటే తను పైనుంచి చూస్తున్నట్టు అనిపించింది.

డాక్టరమ్మకి ఆ మొహం చూశాక అంతా అర్థమైంది. ఆమె కూడా నిర్ఘాంతపోయింది, కానీ ఆ పని చేసేవాళ్ళు తమ సంగతి తర్వాత చూసుకోవాలి. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"మీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంటే అంతవరకే చెబుతాను. చాలంటే ఆపేస్తాను."

"ఎవరిది?"

"మీదే అక్కా."

కెంజెగుల్ లేచి నిలబడింది. "అపా మధ్యాహ్నం తినలేదు. నేను వెళ్ళాలి" అంది. నిజానికి అపా రెండు గిన్నెల పులుసు తాగింది.

వార్డుకి వెళ్ళేసరికి జూరా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కెంజెగుల్ వెళ్ళి అలవాటు చొప్పున ఆ పాదాలు ఒళ్ళో పెట్టుకుని పిసకడం మొదలుపెట్టింది. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. తను పిసుకుతున్న ఈ కాళ్ళు ఆరోగ్యంగా ఉన్న మనిషివి. తను వేసుకున్న మడతమంచం రోగిది. ఇంతమంది నర్సులు, ఇంతమంది ఆడవాళ్ళు, వాళ్ళలో ఎంతమందికి తెలుసో! తలగుడ్డ సర్దుకుంటూ మురిసిపోయిన ప్రతిసారీ ఎవరెవరు నవ్వుకున్నారో, ఎవరెవరు జాలిపడ్డారో. చావు భయంకన్నా ముందు ఆమెకి సిగ్గేసింది.

"ఏమంటుంది కబుర్ల డాక్టరు?" అడిగింది జూరా.

"ఏం లేదు అపా. మిమ్మల్ని బాగా చూసుకోమంది."

పెరట్లోకి వెళ్ళి భర్తకి ఫోన్ చేసింది. అతను కొండమీద మందతో ఉన్నాడు, గాలి హోరు వినపడుతోంది. నాకు తెలిసిపోయింది అంది. అపా చెప్పింది అలా చెయ్యమని, అన్నాడు అతను. నలభై అయిదేళ్ళ మనిషి, గుర్రాన్ని లొంగదీయగలవాడు, అపా చెప్పింది అంటున్నాడు. ఆమె ఫోన్ కట్టేసింది.

ఆ రాత్రి ఎలా గడిచిందో దేవుడికే తెలియాలి. తెల్లవారగానే పిలవకుండానే బేగాయిమ్ తలుపు తట్టింది. ఇంటికి వెళ్ళిపోతున్నానని చెప్పింది. ఆపరేషనూ వద్దు, మందులూ వద్దు. బేగాయిమ్ వద్దనలేదు, బతిమాలలేదు. వెళ్ళడం మీ చేతిలోనే ఉంది, ఎవరూ ఆపరు, వెళ్ళేముందు ఆ కోపమేదో ఇక్కడ దించి వెళ్ళండి అంది.

అప్పుడు కెంజెగుల్ నోరు తెరుచుకుంది. పద్దెనిమిదేళ్ళుగా అత్తవారింట్లో గొంతెత్తని మనిషి.

"పెళ్ళికి నన్నెవరూ అడగలేదు. బలవంతాన కారులో ఎక్కించుకొచ్చారు, తలమీద పెళ్ళి తెల్లగుడ్డ కప్పింది ఆవిడే. పిల్లల పేర్లు ఆవిడే పెట్టింది. నా పిల్ల ఎక్కడ చదవాలో ఆవిడే చెబుతుంది. నాకంటూ వచ్చింది ఈ జబ్బొక్కటే. అదీ ఆవిడే పుచ్చుకుంది."

చెప్పాక తన మాటలకి తనే బిత్తరపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ వేళ్ళ సందుల్లోంచే అసలు మాట బయటికి వచ్చింది. అదే రాత్రంతా గొంతులో ముల్లులా ఉన్నది. ఊరి నుంచి బండిలో వస్తూ, కనుమ ఎక్కేటప్పుడు, అపా తన భుజం మీద తల పెట్టి నిద్రపోతుంటే, ఆవిడ చచ్చిపోయాక ఏమేం చెయ్యాలో తను లెక్కేసుకుంది. చావుకి నలభయ్యో రోజున పెట్టే భోజనాలు అయ్యాక అని మొదలుపెట్టి. దేవుడు విన్నాడు. ఆవిడకి కోరితే తనకే ఇచ్చాడు.

బేగాయిమ్ నవ్వలేదు, ఓదార్చలేదు.

"అక్కా, అత్త చావు కోరిన కోడళ్ళందరికీ ఈ జబ్బు వచ్చేటట్టయితే, ఈ ఆసుపత్రికి ఇంకో పది అంతస్తులు కట్టాలి. ఆలోచనకి గడ్డ రాదు. వచ్చేటట్టయితే నాకు ఎప్పుడో రావాలి, నాకూ అత్తగారుంది."

కెంజెగుల్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు తన గొంతులోంచే వచ్చిందా అని అదిరిపడింది. ఇంత జరిగాక నవ్వేమిటి?

"ఏం లెక్కేసుకున్నారో చెప్పండి" అంది బేగాయిమ్.

సిగ్గుపడుతూనే చెప్పింది. అపా నడుముకి ఉండే డబ్బు పెట్టె తాళం తన నడుముకి కట్టుకోవాలి. పొయ్యి కిటికీ వైపుకి మార్చాలి, పొగ కళ్ళల్లో పడకుండా. కూతురు ఉల్జాన్‌కి పదిహేడేళ్ళు, దాన్ని పెళ్ళి పేరెత్తకుండా పట్నంలో చదివించాలి. తను కుట్టే ఉన్ని తివాచీలు తన పేరుతోనే బజారుకి వెళ్ళాలి. ఏడాదికి ఒక్క పొద్దయినా ఎండ మొహం మీద పడేదాకా నిద్రపోవాలి.

"ఇందులో ఆవిడ చస్తేనే జరిగేది ఏదుంది?"

కెంజెగుల్ నిజాయితీగా ఆలోచించింది. "పెట్టె తాళం" అంది.

"మిగతావి?"

మిగతావాటికి ఆవిడ చావనక్కర్లేదు. పోట్లాడితే చాలు. పోట్లాడటానికి తను బతికుండాలి. ఆ మాట బేగాయిమ్ అనలేదు, కెంజెగుల్‌కే తట్టింది. తట్టగానే ఏడుపొచ్చింది. గడ్డ మాట తెలిశాక మొదటిసారి ఏడ్చింది, ముక్కు చీదుకుంటూ, గట్టిగా. అప్పుడు డాక్టరమ్మ జబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. తొందరగానే దొరికిందనీ, డాక్టర్లకి ఆశ ఉందనీ, మాట మాత్రం ఎవరూ ఇవ్వలేరనీ. ఏడుపు, కోపం, భయం వచ్చి పోతుంటాయి, వచ్చినప్పుడు తనని పిలవమంది. ఆపరేషన్ అయ్యాక కూడా తను ఇక్కడే ఉంటానంది.

కెంజెగుల్ ఉంటాననీ అనలేదు, వెళ్ళిపోతాననీ అనలేదు. ఇంకా ఒక మనిషితో తేల్చుకోవలసింది ఉంది.

ఆ మధ్యాహ్నం బేగాయిమ్ అత్తాకోడళ్ళని ఇద్దరినీ కలిపి పిలిచింది. ఆమె పిలవాలని అనుకుంటూ ఉండగానే సర్జన్ ఆమె గదికి వచ్చాడట. ఇరవై ఏళ్ళుగా కత్తి పట్టినవాడు, ముచ్చెమటలతో వచ్చాడట. పొద్దున ఒక ముసలావిడ తన గదిలోకి వచ్చి, తలుపు గడియ పెట్టి, రవికె విప్పి, రేపు కొయ్యవలసింది ఇది, కోడలి జోలికి వెళ్ళకు అందని చెప్పాడట. గుమ్మంలోనే బేగాయిమ్ చెవిలో చెప్పిన ఈ సంగతి విని కెంజెగుల్ లోపలున్న అత్తగారి వైపు తిరిగింది. జూరా బుద్ధిమంతురాలిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దున అంత పని చేసి వచ్చినా ఆవిడకి చీమకుట్టినట్టయినా లేదు.

"మీ కోడలికి తెలుసు అపా" అంది బేగాయిమ్. "ఆమెతో మీరే మాట్లాడండి."

ముసలావిడ మొహంలో రక్తం ఒక్కసారిగా దిగిపోయింది. డాక్టరమ్మని శపించబోయినట్టు చెయ్యెత్తి, దించేసింది.

"చెప్పేశావా దానికి" అంది చివరికి. "చంపేశావు."

తర్వాత ఆవిడే చెప్పుకొచ్చింది. జూరాకి ఒక కూతురుండేది, జిపార్ అని. కెంజెగుల్ కోడలిగా రాకముందే పోయింది. ఏదో జ్వరమని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. జ్వరం కాదు, ఇదే జబ్బు. ఒక రష్యన్ డాక్టరు పిల్ల మొహానే చెప్పేశాడు. విన్న రోజు నుంచి జిపార్ గోడ వైపు తిరిగి పడుకుంది, మళ్ళీ ఇటు తిరగలేదు, ఆకులు రాలకముందే పోయింది. జబ్బు చంపలేదు, మాట చంపింది. కొట్టంలో కొడుకు నోటివెంట కెంజెగుల్ పేరు విన్నప్పుడు, ఈ పిల్ల చెవిన ఆ మాట పడనివ్వనని ఆ గుర్రాల మధ్యే ఒట్టేసుకుంది.

"దాచడం వేరు అపా. మీకే వచ్చిందని ఎందుకు చెప్పించారు?"

జూరా కోడలి వంక తెల్లబోయి చూసింది, ఇంత తేలిక సంగతి తెలియదా అన్నట్టు.

"నువ్వు నిద్రపోతుంటే గిన్నెలో నీళ్ళు పట్టుకుని నీ చుట్టూ తిరిగాను. మూడుసార్లు. ఆ నీళ్ళు నేనే తాగాను. నీ మీదున్నది నాకు రావాలని."

నీ చుట్టూ తిరుగుతా తల్లీ అని అక్కడ పెద్దవాళ్ళందరూ పిల్లల్ని ముద్దుచేస్తూనే ఉంటారు. నీ కష్టం నాకు రానీ అని దాని అర్థం. అందరూ అని ఊరుకుంటారు. జూరా అనలేదు, తిరిగింది. పద్దెనిమిదేళ్ళలో కోడల్ని ఒక్కసారి కూడా ఆ మాటతో ముద్దు చెయ్యని మనిషి.

"అందుకే ఊరంతటికీ నాకేనని చెప్పించాను. ఊరంతా ఒకే మాట అంటే దేవుడైనా తికమకపడడా? మంచం మీద నేనే పడుకున్నాను. మళ్ళీ పరీక్ష చెయ్యమను దీనికి. దీనికేమీ ఉండదు. నాకు వచ్చేసి ఉంటుంది. ఇదిగో, ఇక్కడ నొప్పి కూడా పుడుతోంది."

తను ఈ మనిషి చావుకి భోజనాలు లెక్కేసుకుంటున్నప్పుడు, ఈ మనిషి తన చావుని అడిగి పుచ్చుకుంటోంది. కోపం పోలేదు. పోకపోగా ఎక్కువైంది. దాని పక్కనే ఇంకేదో కూడా పుట్టింది, దాని పేరు ఆమెకి తెలియదు. కాళ్ళు పట్టుకోవాలనీ ఉంది, భుజాలు పట్టుకుని కుదిపెయ్యాలనీ ఉంది.

"నా జబ్బు నాకివ్వండి అపా" అంది.

"ఇవ్వను."

"అది మీకు రాలేదు. నా దగ్గరే ఉంది. మీరు పట్టుకుని కూర్చుంటే నేను దాంతో ఎలా పోట్లాడను?"

ముసలావిడ తల అడ్డంగా ఊపింది. నా పిల్లని ఇచ్చాను, ఇది ఇవ్వను అన్నట్టు పెదవులు బిగించింది. బేగాయిమ్ ఇద్దరి మధ్యకీ రాలేదు. బల్ల మీద టీ కూజా చల్లారుతోంది. ఎవరూ ముట్టుకోలేదు.

ఫోన్ మోగింది, జూరా చెల్లెలు బాత్మా. ఊరి నుంచి రోజూ ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు. ముసలావిడ చెయ్యి చాపింది కానీ కెంజెగుల్ ముందే అందుకుంది. అవతలి గొంతు గదంతా వినపడుతోంది. అక్కకి ఎలా ఉంది, నోటికి ఏమైనా పోతోందా, ఆఖరి చూపు దొరుకుతుందా అని.

"అపా బాగానే ఉన్నారు పిన్నీ. పులుసులో ఉప్పు చాల్లేదని నర్సుల్ని ఏడిపిస్తున్నారు" అంది కెంజెగుల్. ఊపిరి పీల్చుకుంది. "కాన్సర్ నాకు. రేపు ఆపరేషన్. ఊళ్ళో అందరికీ చెప్పు, నాకేనని."

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది. ఆ మాట తన నోటితో అనడం అదే మొదటిసారి. రేపటి మాట కూడా అనేసిందని అప్పుడు తెలిసింది.

జూరా అప్పటికే కుర్చీలో అటు తిరిగిపోయింది. గోడకేసి. రెండు చేతులూ నడుముల మీద పెట్టుకుంది. సన్నగా, దీర్ఘంగా ఒక రాగం మొదలైంది. శవం ఉన్న ఇంట్లో ఆడవాళ్ళు అలాగే కూర్చుని, అలాగే పాడతారు. అది జిపార్ పేరుతో మొదలై, తేనెలాంటి పిల్ల అని, గుమ్మం వెలవెలబోయిందని సాగి, కెంజెగుల్ పేరు దగ్గరికి వచ్చింది. తన చావుపాట తను బతికుండి వింటుంటే కెంజెగుల్ వెన్ను జిల్లుమంది. పాడుతున్న ఆ మనిషి వీపు ఎంత చిన్నదో, ఎంత ముసలిదో ఎన్నడూ చూడలేదు. కోడళ్ళకి అత్తల వీపు చూసే తీరిక ఎక్కడిది?

"నేనింకా చావలేదు అపా. ఇటు తిరగండి."

రాగం ఆగలేదు.

"నాకు గొంతెండిపోతోంది. టీ పొయ్యండి."

రాగం ఆగిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ నర్సు కూడా కొయ్యబొమ్మై చూసింది. ఆ నేల మీద కోడలనేది పుట్టిన నాటినుంచి టీ పోసేది కోడలే. పద్దెనిమిదేళ్ళు, పురుళ్ళ మంచం మీద నుంచి లేచి కూడా, ప్రతి పూటా కూజా పట్టింది కెంజెగుల్. అత్తని కూర్చోబెట్టి పోయించుకోవడమా? చెంపదెబ్బ పడినా ఆశ్చర్యం లేదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

జూరా మెల్లగా ఇటు తిరిగింది. కోడలి మొహం చాలాసేపు చూసింది, వెతుకుతున్నట్టు. చెవిన మాట పడి ఒక రోజు గడిచింది. ఈ పిల్ల గోడ వైపు తిరగలేదు. ఎదురుగా కూర్చుని, ఎర్రబడ్డ కళ్ళతో, టీ అడుగుతోంది.

ముసలావిడ కూజా అందుకుంది. గిన్నె ఒకటి తీసి, తలగుడ్డ కొసతో తుడిచి, టీ పోసింది. గిన్నె అడుగున రెండు గుక్కలు, అంతే. ఆ ఇళ్ళల్లో గిన్నె నిండా పోస్తే తాగి బయల్దేరమని. కొంచెమే పోస్తే ఇంకా చాలాసేపు కూర్చోమని.

కెంజెగుల్ గిన్నెలోకి చూసింది. తర్వాత అత్తగారి వైపు చూసింది.

"తాగు" అంది జూరా. "అయిపోతే మళ్ళీ పోస్తాను."